సముద్రంలో హాజరుపట్టీ

పిల్లలూ! నేను ముప్పై యేళ్ళకు పైగా బడిలో హాజరు పిలిచాను. పిలిస్తే పలికే పిల్లలను లెక్కపెట్టడం సులభమే. మరి నీళ్ళ అడుగున దాగి ఉండే చేపలను లెక్కపెట్టడం ఎట్లా?

మా నాయుడుపేటకు తూర్పున, దుగరాజపట్నం వైపు, సముద్రమున్నది. మన తూర్పుతీరంలో టెంకిచేపలు ఉంటాయి. కొన్నిచోట్ల వీటిని టేకుచేపలంటారు. చేటవంటి వెడల్పాటి ఒళ్ళు, కొరడావంటి తోక. చాలా రకాలకు తోకమీద విషపుముల్లు కూడా ఉంటుంది. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపలను గురించి 1803లో లండనులో ఒక గ్రంథం వెలువడింది. అందులో మన బెస్తలు చెప్పిన ఈ 'టెంకి' అన్న పేరు కనబడుతుంది!

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం గదా? 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు చేసేదీ అదే. కొన్ని రేవులను, కొన్ని రోజులను చీటీ తీసినట్లు ఎంచుకుని, అక్కడికి వచ్చిన పడవలలో ఏ చేప ఎంత పడిందో రాసుకుంటారు. దానినిబట్టి తీరమంతటికీ లెక్క కడతారు. టెంకిచేప వెడల్పు కొలుస్తారు. దాని వెన్నుపూసను కోస్తే, చెట్టుమానులోవలె వలయాలు కనబడతాయి. వాటినిబట్టి వయసు తెలుస్తుంది.

బతికున్న చేప ఎటు పోతున్నదో తెలుసుకోవడానికి వేరే ఉపాయాలున్నాయి. మాంటా అనే పెద్ద టెంకి పొట్టమీది మచ్చలు మన వేలిముద్రలవంటివి. ఒకదానివి మరొకదానికి ఉండవు. ఫోటో తీసి పోల్చితే పాతచేపో కొత్తచేపో తెలుస్తుంది. కొన్నిటికి చప్పుడు చేసే చిన్న పరికరం తగిలిస్తారు. సముద్రంలో అక్కడక్కడా అమర్చిన యంత్రాలు ఆ చప్పుడు విని, చేప వచ్చిపోయిన వేళ నమోదు చేస్తాయి.

ఇంత శ్రమ ఎందుకంటారా? చాలా చేపలు వేలు, లక్షలుగా గుడ్లు పెడతాయి. ముల్లుటెంకి మాత్రం కొద్ది పిల్లలనే కంటుంది; మాంటా సాధారణంగా ఒక్కదాన్నే. తగ్గిపోతే మళ్ళీ పెరగడానికి ఎన్నో యేళ్ళు పడుతుంది. టెంకికి చుట్టమైన రంపపుచేప గతి చూడండి. దాని రంపం వలలో చిక్కుకుంటే విడిపించుకోలేదు. అది ఎంతో అరుదైపోయింది. 2001లో దానిని వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి తెచ్చారు.

మీ పెద్దలతో రేవుకు వెళ్ళినప్పుడు టెంకిచేపలను చూడండి. ముల్లు మాత్రం ముట్టవద్దు. తేదీ, రేవు పేరు, చేపల సంఖ్య పుస్తకంలో రాసుకోండి. ఒక్కటీ కనబడనినాడు సున్నా రాయడం మరువకండి. బడికి రాని పిల్లవాడి గడిని ఖాళీగా వదలం గదా!