ఆరు గుడ్లు – అంతులేని కనికరం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. మేము ముగ్గురం ఆరు నుంచి పది వరకు ఈ హాస్టల్లోనే చదివాం. ముగ్గురి ఇళ్ళలోనూ మొదటి డిగ్రీ మాదే. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. అయితే మేము చెప్పదలచింది మార్కుల సంగతి కాదు, ఒక దొంగతనం సంగతి.

అప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నాం. ఆ రాత్రి భోజనంలో గుడ్డు. స్టడీ అవర్లో కరెంటు పోయింది. చీకట్లో వంటగదిలోకి దూరి, ఉడకబెట్టిన గుడ్లు ఆరు తీసుకుని, నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని తిన్నాం. భోజనాల దగ్గర ఆరుగురు చిన్నపిల్లలకు గుడ్డు అందలేదు. నింద వంటక్క మీద పడింది. ఇంటికి మోసుకుపోతోందని అందరి ముందు అన్నారు. గుడ్ల డబ్బు ఆమె చేతే కట్టించారు. "నేనెరగను సార్" అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే మేము తలలు వంచుకుని అన్నం తిన్నాం.

ఆదివారం మందిరంలో ముందు వరుసలో కూర్చుని, డోలక్ కొడుతూ పాటలు పాడాం. మమ్మల్ని ఎవరూ అనుమానించలేదు. దేవుడు కూడా క్షమించేశాడనుకున్నాం.

ఆ రోజు పాస్టరుగారు పేతురు గురించి వాక్యం చెప్పారు. ప్రధానయాజకుని ముంగిట్లో చలిమంట దగ్గర నిలబడి, యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకినవాడు పేతురు. తరువాతి సంగతి యోహాను సువార్త 21వ అధ్యాయంలో ఉంది. తిరిగి లేచిన యేసు తిబెరియ సముద్రతీరాన నిప్పులు రాజేసి, చేపలూ రొట్టే సిద్ధం చేసి, రాత్రంతా వలలు వేసి అలసిపోయినవాళ్ళను ముందు తినమన్నాడు. తిన్నాకనే, తన మీద ప్రేమ ఉందా అని పేతురును మూడుసార్లు అడిగి, గొర్రెల్ని కాచే పని అప్పజెప్పాడు.

నిప్పుల మాట వినగానే మాకు వంటక్క పొయ్యి గుర్తొచ్చింది. సాయంత్రం ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే వెళ్ళి నిలబడ్డాం. "అక్కా, గుడ్లు మేమే తిన్నాం." ఆమె చేట పక్కన పెట్టి చాలాసేపు మా వంక చూసింది. "ఆకలైతే అడగొచ్చు గదయ్యా. చిన్నపిల్లలు గుడ్డు లేక ఏడ్చారు" అంది. రాత్రి మాకూ అందరితో పాటే అన్నం పెట్టింది. ఆ ముద్ద మింగుడు పడలేదు.

మర్నాడు వార్డెన్ సారుకు చెప్పాం. దెబ్బలు పడ్డాయి. కాస్మెటిక్ ఛార్జీలు రాగానే అక్క డబ్బు అక్కకిచ్చాం. అందరి ముందు పోయిన పరువు అందరి ముందే ఇవ్వాలని, ప్రేయర్‌లో నిలబడి జరిగింది చెప్పాం. పట్టుబడకపోవడం కనికరం కాదని, తప్పు ఒప్పుకోవడానికి కాళ్ళు కదిలించేదే కనికరమని అప్పుడు తెలిసింది.

మాది ప్రకాశం జిల్లా. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించాడు. కూడు కోసం చేరారన్న మాట రాకూడదని అప్పుడు బాప్తిస్మాలు ఇవ్వలేదు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళు లోపాలు లేనివాళ్ళై రాలేదు, ఆకలి తెలిసిన మనుషులుగా వచ్చారు. అక్కడా ముందు కూడు, తరువాతే పిలుపు.

ఇప్పుడు మేము మంచివాళ్ళమైపోయామని కాదు. అమ్మానాన్నల కూలి డబ్బుకు తప్పుడు లెక్క చెప్పిన రోజులు నిన్నమొన్నటివరకూ ఉన్నాయి. విలాపవాక్యములు కూలిపోయిన యెరూషలేము కోసం ఏడ్చిన పుస్తకం. ఆ ఏడుపు మధ్యలోనే, దేవుని వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందన్న భావం ఉంది. హాస్టల్లో పొద్దున్నే బెల్లు మోగినట్టు, నిన్న ఎలా గడిచినా అది మళ్ళీ మనల్ని లేపుతుంది.

తమ్ముళ్ళారా, మీలో ఎవరి గుండెల్లోనైనా ఇలాంటి ఆరు గుడ్లు ఉంటే ఈ రోజే వెళ్ళి చెప్పేయండి. వంటక్క పోయిన ఏడాది పని మానేసింది. వార్షికోత్సవానికి రమ్మని పిలిచాం, వస్తానంది. దయచేసి ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆ రోజు వడ్డన మేము చేస్తాం.