లీ నది వెంట తేలిక జోళ్లతో

ఐర్లండులోని కార్క్ నగరమునకు పడమరగా, లీ నదికి దక్షిణపుగట్టున నున్న బాలింకాలిగ్ నేడు మన తెలుగువారికి కొంత పరిచితమైన యూరే. ఆ చుట్టుపట్ల కంప్యూటరు సంస్థలలో కొలువు కుదిరి, అక్కడనే కాపురములు పెట్టుకొన్న మన పిల్లలు ఆ వీధులలో కనబడుచునే యుందురు. నా మేనల్లుడును వారిలో నొకడు. వానియింట బసచేసి, నది వెంట ఎగువకు నడచి, ఆ నది జన్మించు గూగన్ బారా సరస్సును చూడవలెనని నేను సంకల్పించినపుడు దారిని గురించియు, బసలను గురించియు నాకంతగా విచారము కలుగలేదు. విచారమంతయు పాదరక్షలను గురించియే. సుమారు 60 కిలోమీటర్ల నడక, వీపున మూట, ఏ క్షణమున కురియునో తెలియని వాన. ఈ మూడింటికిని ఓర్చు జోడు ఏది?

ఊరికి నదివైపున నిపుడు విశాలమైన ఉద్యానవనముగా నున్న చోట ఒకప్పుడు తుపాకిమందు కర్మాగారముండెడిది. 1794లో చార్లెస్ హెన్రీ లెస్లీ అను కార్క్ నగరవాసి దానిని స్థాపింపగా, నెపోలియనుతో యుద్ధము సాగుచున్న కాలమున, 1805లో, బ్రిటిషు ప్రభుత్వము దానిని కొని విస్తరించెను; వాటర్లూ తరువాత మూతపడి, 1830లలో మరల తెరవబడి, 1903లో శాశ్వతముగా నిలిచిపోయెను. సురేకారము, గంధకము, బొగ్గు కలిపి నూరుట ఆ మరల పని. బ్రిటిషువారి మందునకు వలసిన సురేకారములో అధికాంశము మన దేశమునుండి, విశేషించి బీహారు ప్రాంతమునుండి, ఓడలెక్కి పోయెడిదని తలచినపుడు, చెట్లనడుమ శిథిలములైన ఆ రాతిగోడలు నాకు పరాయివిగా తోచలేదు. మందుమరలలో పనిచేయువారు ఇనుపమేకుల జోళ్లు తొడుగరాదను నియమము ఆ పరిశ్రమయందు బహుకఠినముగా నుండెడిది; మేకు రాతికి తగిలి ఒక్క నిప్పురవ్వ రాలినచో ఆ మరయు మిగులదు, ఆ మనుష్యులును మిగులరు. ప్రక్కనే నెలకొన్న సేనావాసములోని సైనికుని జోడు వేరు, మరలోని కూలివాని జోడు వేరు. ఒకే యూరిలో, ఒకే కాలమున, పనినిబట్టియు నేలనుబట్టియు జోడు మారెనన్నమాట. ఆ శిథిలముల నడుమ తిరుగుచు నేను ఈ సంగతినే మనసున నిలుపుకొంటిని.

మేనల్లుడు నన్నొక అంగడికి తీసికొనిపోయి, చీలమండ దాటి పిక్క మొదలంటు నున్న తోలుబూట్లను ముందుంచెను. "మామయ్యా, ఇవి తీసుకోండి. నీళ్లు లోపలికి రావు, కాలు బెణకదు. మీ వయసుకి ఇవే మంచివి" అనెను. వాని ప్రేమ నిజమైనదే. కాని ఆ జత తూచి చూడగా కిలోన్నర యుండెను. దాని ప్రక్కనున్న, వలవంటి గుడ్డతో కుట్టిన, కొండదారులలో పరుగెత్తువారి జత 600 గ్రాములకు మించలేదు. ఈ 900 గ్రాముల భేదమును స్వల్పమని త్రోసివేయరాదు. 1969లో సోల్, గోల్డ్‌మన్ అను అమెరికా సైనికపరిశోధకులు ప్రకటించిన ప్రయోగములనుబట్టి, పాదమున కట్టిన బరువునకు దేహము వెచ్చించు శక్తి, అదే బరువును మొండెముపై మోయుటకు వెచ్చించు దానికంటె, నడక వేగమునుబట్టి, నాలుగు మొదలు ఆరురెట్ల వరకు నుండును. కారణము సుబోధము: వీపున నున్నది దేహముతోపాటు సమముగా సాగును, పాదమున నున్నదానిని ప్రతి యడుగునను నిలిపి, ఎత్తి, ముందునకు విసరి, మరల నిలుపవలెను. నా నడకకు ముప్పాతిక మీటరు అడుగు చొప్పున 60 కిలోమీటర్లకు 80,000 అడుగులు పడును. ఒక్కొక్క పాదము 40,000 మారులు లేచును. లేచిన ప్రతి మారును ఆ తోలుబూటు 450 గ్రాములు అదనముగా ఎత్తించినచో, రెండు పాదములకును కలిపి మొత్తము 36 టన్నులు. ఈ లెక్క చెప్పగా మేనల్లుడు కొంతసేపు మాటాడలేదు.

తేలికజోడు నేటి వేలంవెఱ్ఱి కాదు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అను 67 ఏండ్ల అమెరికా ముదుసలి, కాన్వాసు జోళ్లు తొడిగి, గుడ్డసంచి భుజమున వేసికొని, మూడువేల కిలోమీటర్లకు పైబడిన అపలాచియన్ మార్గమును ఒంటరిగా ఆద్యంతము నడచెను. అయితే ఆమె సంచి తేలిక. ఈ మాట మరువరాదు. మూట ఇరువది కిలోలుండగా పలుచని జోడు తొడుగుట పాదమును హింసించుటయే. కాబట్టి నేను మొదట మూటను విప్పి, అక్కరలేని వస్త్రములను, రెండవ దుప్పటిని, లావు పుస్తకములను తీసివైచి, ఎనిమిది కిలోలకు దించి, ఆ మూటను వీపున వేసికొనియే సాయంకాలము మరల అంగడికి పోయితిని. సాయంకాలమే పోవలెను, పగలంతయు నడచిన పాదము ఉబ్బును, బరువు మోసిన పాదము కొంత సాగును, ఉదయమున సరిపోయిన జోడు సాయంకాలమున బిగియును. దారిలో తొడుగబోవు ఉన్ని మేజోళ్లనే తొడిగి, బొటనవ్రేలి ముందు మరియొక వ్రేలి వెడల్పు ఖాళీ యుండునట్లును, మడమ కదలకుండునట్లును చూచుకొని, అంగడిలోని వాలుపలకపై దిగి చూచితిని. దిగునపుడు వ్రేళ్లు ముందుగోడను తాకినచో గోళ్లు నల్లబడును. అట్టి జత ఎంత అందమైనదైనను విడువవలసినదే.

ఈ పరీక్షలకు నిలిచిన వలగుడ్డ జోళ్లు తొడిగి, ఇనిస్కారా ఆనకట్ట దాటి ఉత్తరపుగట్టు దారిపట్టితిని. ఒకప్పుడు ఉన్నిమిల్లునకు పేరుపొందిన డ్రిప్సీ, తరువాత కోచ్‌ఫర్డ్; పచ్చికబయళ్లు, ముళ్లపొదల గట్లు, ఆగి ఆగి కురియు జల్లు. మక్రూమ్ చేరువలో గీరా అను జలారణ్యము కలదు. పాయలుపాయలుగా చీలిన నది నడుమ వేలయేండ్లుగా పెరిగిన ఆ అడవిలో చాలభాగమును 1950లలో విద్యుత్తునకై కట్టిన జలాశయము ముంచివైచెను. నీరు తగ్గినపుడు నరికిన మ్రాకుల మొదళ్లు వరుసలుగా బయటపడును. అక్కడ ఇండ్లు విడిచిపోయిన కుటుంబములును కలవు. శ్రీశైలము నీట మునిగిన మన గ్రామములు తలపునకు వచ్చి, ఆ గట్టున నేను చాలసేపు నిలిచిపోయితిని.

అక్కడి చిత్తడిలో జోళ్లు నిండ తడిసినవి. నీటిని రానీయని బూటులోనికి పైనుండి ఒక్కమారు నీరు దిగినచో, అది మరల బయటకు పోవు దారి యుండదు. వలగుడ్డ జోడు తడియుట నిజమే గాని, గట్టినేలపై కొంతదూరము నడచునప్పటికి నీరు తానే కారిపోవును. ఉన్ని మేజోడు తడిసియు వెచ్చదనమును పూర్తిగా విడువదు. ఈ దేశీయులకిది క్రొత్త కాదు. పశ్చిమతీరమున ఆరాన్ దీవులవారు పచ్చి ఆవుతోలుతో పాంపూటీలు అను జోళ్లను కుట్టుకొనెడివారు; నాటకకర్త జె. ఎమ్. సింజ్ అక్కడికి పోయినపుడు వాడిరాళ్లకు తన బూట్లు చీలిపోగా ఆ జోళ్లనే తొడిగి, వానితో నడక నేర్చుకొన్న విధమును 1907లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. ఆ తోలు ఎండినచో పాదమును కోయును గనుక రాత్రులు నీటిలో నానవేయుదురట. మన పల్లెల రైతులు కిర్రుచెప్పులకు ఆముదము పట్టించి మెత్తబరచినట్లు, వారు నీటితోనే మెత్తబరచిరి.

బాలింగీరీ చేరునప్పటికి ఊరిపేర్ల పలకలపై ఐరిషు భాషయే ప్రధానమైనది. ఆ పర్వతప్రాంతముననే 1602 డిసెంబరు తుదిని ఓసలివన్ బేర్ అను ఐరిషు నాయకుడు తన జనులు వేయిమందితో శత్రువులకు తప్పించుకొని ఉత్తరముగా నడచిపోయెను. గమ్యమైన లీట్రిమ్ చేరినవారు 35 మంది. ఆకలి, మంచు, కత్తి వారిని దారిపొడుగున రాల్చినవి. షానన్ నదిని దాటుటకు గుఱ్ఱములను చంపి, ఆ తోళ్లతో పడవలు కట్టిరట. వారి పాదముల స్థితి ఎట్లుండియుండెనో! సుఖముగా నడచుచున్న నాకు ఆ తలపే చాలసేపు వదలలేదు.

గూగన్ బారా సరస్సున చిన్న దీవి, దానిపై రాతి ప్రార్థనామందిరము. ఇచ్చట తపస్సు చేసిన ఫిన్‌బార్ మహాత్ముడే నది వెంట దిగువకు పోయి కార్క్ నగరమునకు పునాది వేసెనని ఐతిహ్యము. డ్రిమోలీగ్ నుండి కొండలమీదుగా వచ్చు యాత్రామార్గము ఇచ్చటనే ముగియును. ఆ దారినే ఎదురుగా డ్రిమోలీగ్‌కు నడువదలచి, దానిలో బురదయెంత యని, మోకాళ్లంటు రబ్బరుబూట్లు తొడిగిన ఒక గొఱ్ఱెల రైతు నడిగితిని. ఆయన నా జోళ్లను చూచి, తన బూట్లు తడినేలలో నిలిచి పనిచేయుటకనియు, దూరము పోవువానికి నావే మేలనియు, రాతిమీద నాచును మాత్రము కనిపెట్టి నడువుమనియు చెప్పెను. అంగడివారెవ్వరును అంత సూటిగా చెప్పలేదు.

మేనల్లుడు కారులో వచ్చి "ఇంక ఇంటికి పోదాం మామయ్యా" అనెను. జోళ్ల అడుగులు తిప్పి చూచితిని; మడమ వెలుపలి అంచున గాళ్లు కొంత అరిగినవిగాని పట్టు తగ్గలేదు. కొండదారికి అక్కరలేని మరి రెండు వస్త్రములను, చదివిన పుస్తకమును వాని చేతికిచ్చి, "నాలుగురోజులు ఓర్చుకో నాయనా, డ్రిమోలీగ్ నుంచి బస్సెక్కి వస్తాను" అని చెప్పి పంపితిని. వాడు నా మూటను ఒకమారు ఎత్తి చూచి, తానును వచ్చే వేసవికి రావచ్చునా యని అడిగెను.