కందిపప్పు డబ్బా

2015 దసరా నాటికి హైదరాబాదులో కిలో కందిపప్పు ధర 200 రూపాయల దాకా వెళ్ళింది. సరిగ్గా ఆ సమయానికే మావారికి రెండు నెలలుగా జీతం ఆగిపోయి ఉంది. ఎక్కడ, ఎందుకు అన్నది ఇప్పుడు అప్రస్తుతం. యూసుఫ్‌గూడలో రెండు గదుల అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, నల్లగొండ నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న అత్తమ్మ, బతుకమ్మకు తప్పక వచ్చే ఆడపడుచు కుటుంబం. పండుగలు మాత్రం ఒకదాని వెనుక ఒకటి వరుసకట్టి నిలబడ్డాయి.

కంది వానాకాలం మొదట్లో వేస్తే సంక్రాంతి దగ్గర పడితే గానీ చేతికి రాదు. అందుచేత దసరా, దీపావళి ఎప్పుడూ పాత నిల్వలు అడుగంటే రోజుల్లోనే వస్తాయి. దానికి తోడు 2014లోనూ, 2015లోనూ వరుసగా వానలు మొహం చాటేశాయి. నిల్వలపై పరిమితులు, గోదాములపై దాడులు అంటూ ఆ అక్టోబరంతా పత్రికల్లో చదివేదాన్ని. చదివి, లేచి వెళ్ళి డబ్బా మూత తీసి చూసుకునేదాన్ని.

చిత్రమేమిటంటే, ఆ ఏడు మాకు పండుగ వంట భారం కాలేదు, రోజువారీ వంటే భారమైంది. భక్ష్యాలకు కావలసిన శనగపప్పు ధర కందిపప్పు ధరలో సగం కూడా లేదు. ఉడికిన శనగపప్పు వార్చిన నీళ్ళను పారబోయకుండా చింతపండు పులుసు, ఇంత పూర్ణం కలిపి కట్టుచారు కాస్తే రెండు పూటలు గడిచేవి. మినప్పప్పు కూడా కొండెక్కింది కనుక గారెలకు బొబ్బర్లు నానబోశాను. సద్దుల బతుకమ్మకు చేసే నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పులిహోర, పెరుగన్నం, అన్నిటికీ అన్నమే ఆధారం. దసరానాటి మాంసం దగ్గరే కొంత ఇబ్బంది. కిలోన్నర తెచ్చే చోట ముప్పావు కిలో తెప్పించి, దోసకాయ ముక్కలు దండిగా వేసి వండాను. దోసకాయ మాంసం మా వైపు ఉన్న వంటకమే కనుక ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చిందేమో, ఆడపడుచు పైకి అనలేదు.

కూరగాయలకు ఎర్రగడ్డ రైతుబజారుకు నడిచే వెళ్ళేదాన్ని. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి, ఒళ్ళంతా దుమ్ము. ఆటో డబ్బులతో ఇంకో సొరకాయ వచ్చేది. సొరకాయ, తోటకూర, బచ్చలి, ఆ రోజు ఏది చవకైతే అది పప్పులోకి. పోనుపోను అది సొరకాయ పప్పు కాదు, పప్పు తగిలిన సొరకాయ.

అయినా డబ్బా అడుగు కనిపిస్తూనే ఉండేది. గిద్దెతో కొలిచి పోసే అలవాటు నాకు అప్పుడే పట్టుకుంది. దీపావళికి ముందు ఒక రాత్రి అత్తమ్మ కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, "నాకు పప్పొద్దు బిడ్డా, అరుగుత లేదు" అన్నది. చారుతో తిని లేచింది. మర్నాడూ అంతే. ఆమెకు పప్పూ అన్నం తప్ప మరేమీ రుచించదు. నేను వాము నీళ్ళు కాచి ఇచ్చాను, "తాగండి అత్తమ్మా, అరుగుతుంది" అంటూ. బుద్ధిగా తాగింది. ఆమెకు అజీర్ణం లేదని నాకు తెలుసు. నాకు తెలుసునని ఆమెకూ తెలుసు. చెయ్యి పక్కకు జరిపి ఒక గరిటె వడ్డించవచ్చు. వడ్డిస్తే పిల్లల మరుసటి పూటకు చాలదు. దీపావళి దాటేదాకా రోజూ రాత్రి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, నేను వాము నీళ్ళు ఇచ్చాను. ఈ సంగతి మావారితో నేటికీ చెప్పలేదు.

నవంబరు నెలాఖరుకు బకాయి జీతం చేతికందింది. సంక్రాంతి నాటికి పప్పు ధర దిగింది కొంచెమే. భోగినాడు గిద్దె పక్కన పెట్టి ముద్దపప్పు వండాను. వేడన్నంలో నెయ్యి వేశాను. అత్తమ్మ మారు వడ్డించమంది, ఆ తరువాత ఇంకోసారి. అరుగుదల మాట ఆమె ఎత్తలేదు. నేనూ వాము డబ్బా తియ్యలేదు.