ఇరవై నెలల చీటీ

“సార్, ఇరవై నెలల చీటీ వేయొచ్చా?”

2005లో ఓపీలో ఈ మాట అడిగిన అమ్మాయికి అప్పుడు 28 ఏళ్లు. లారీ డ్రైవరుగా పనిచేసిన భర్త పోయి ఏడాది. ఆరేళ్ల కూతురికి హెచ్‌ఐవీ పరీక్షలో ఏమీ రాలేదు, తనకి వచ్చింది. రోగనిరోధక శక్తిని చూపే సీడీ ఫోర్ కౌంటు 86. మందులు మొదలుపెట్టి మూడు వారాలైంది.

“వేసుకోమ్మా, దానికి నన్నడగడమెందుకు?” అన్నాను, తర్వాతి కాగితం అందుకుంటూ.

“అది కాదు సార్. నెలకి ఐదొందలు, 20 మందిమి. ముందే పాడుకుని మధ్యలో నేను పోతే మిగతావాళ్ల డబ్బు మునుగుతుంది కదా. అందుకని ఆఖరి చీటీ తీసుకుందామనుకుంటున్నా. అప్పుడు పోయినా ఎవరికీ బాకీ ఉండను.”

కాగితం కింద పెట్టేశాను. ఇరవై నెలలు బతుకుతానా అని అడగడానికి ఆమె ఎంచుకున్న దారి అది. బతుకుతావని గట్టిగా చెప్పాలనే ఉంది. నోరు రాలేదు. దానికో కారణముంది.

1998లో ఓ చేనేత కుర్రాడికి రిపోర్టు చూపించి, ఎంతకాలం అని అడిగితే, “ఏడాదో, రెండేళ్లో” అన్నాను. అప్పటికి నిజాయితీగానే చెప్పాననుకున్నాను. వైరస్ ఒంట్లో చేరాక జబ్బు ముదరడానికి సగటున 8 నుంచి 10 ఏళ్లు పడుతుందని పుస్తకాల్లో చదువుకున్నవాణ్ణే. అతనికి ఎప్పుడు సోకిందో తెలియకుండానే గడువు మాత్రం పెట్టేశాను. ఏడేళ్ల తర్వాత, మందులు ఇస్తున్నారని విని మా సెంటరుకి వచ్చాడు. చిక్కిపోయాడు గానీ నడిచే వచ్చాడు. “రెండేళ్లే అన్నారు కదా సార్, అప్పుడే మగ్గం అమ్మేశా” అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. ఆ తర్వాత నా నోటి నుంచి గడువు లెక్క రాలేదు.

మా తరం డాక్టర్లకి ఆశ గురించి మాట్లాడే అర్హత తక్కువ. మూడు మందులు కలిపి ఇస్తే వైరస్ అణుగుతుందని 1996కే ప్రపంచానికి తెలుసు. ఆ సంగతి మా దగ్గరికొచ్చే రోగికి చెప్పడమంటే ఆకలిగా ఉన్నవాడికి పెళ్లిభోజనం వర్ణించడమే. ఎకరం అమ్మి ఏడాది మందులు కొన్నవాళ్లున్నారు. డబ్బు ఉన్నన్నాళ్లు వాడి, అయిపోగానే ఆపి, చివరికి ఆ మందులే పనిచేయకుండా చేసుకున్నవాళ్లున్నారు. 2001లో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ ఏడాది మందులు 350 డాలర్లకే ఇస్తానన్నప్పుడు ప్రపంచమంతా ధరలు కూలాయి. 2004 ఏప్రిల్ 1న దేశంలో 8 ఆసుపత్రుల్లో మొదలైన ఉచిత మందులు ఆ తర్వాత మా ఊరిదాకా వచ్చాయి. అప్పట్లో కౌంటు 200 కంటే తగ్గితేనే ఇచ్చేవాళ్లం. ఇంకా తగ్గలేదని రోగిని వెనక్కి పంపి, తగ్గేదాకా ఆగమనడం ఎంత ఎబ్బెట్టుగా ఉండేదో! కౌంటుతో పనిలేకుండా అందరికీ ఇవ్వడం 2017లో గానీ రాలేదు.

ధైర్యంగా ఉంటే కౌంటు అదే పెరుగుతుందని సభల్లో చెబుతుంటారు. నాకు ఆ మాట మీద గురి లేదు. ఎందుకో చెబుతాను.

మా క్యూలో ఓ ఆటోడ్రైవరు ఉండేవాడు. ఊళ్లన్నీ ఎయిడ్స్ ప్రచారపు పులిరాజా హోర్డింగులతో నిండిన రోజులవి. “పులిరాజా వచ్చాడు, దారివ్వండి” అంటూ లోపలికొచ్చేవాడు. నవ్వడం మరిచిపోయినవాళ్లని కూడా నవ్వించేవాడు. మందులతో 41 కిలోల మనిషి 60 దాటాడు. కొత్తగా వచ్చి బిక్కచచ్చి కూర్చున్నవాళ్ల దగ్గరికి మా కౌన్సెలరు అతన్నే పంపేది. అలాంటివాడు ఒక నెల రాలేదు. తర్వాతి నెలా రాలేదు. పూర్తిగా నయం చేస్తానన్న ఓ నాటువైద్యుడికి ఆటో తాకట్టు పెట్టి డబ్బు కట్టాడట. మా మాత్రలు వాడితే తన మందు పట్టదని ఆయన షరతు. ఏడు నెలలకి మెదడుకి టీబీ పాకి, స్ట్రెచర్ మీద వచ్చాడు. దక్కలేదు. అతనికి ఆశకేం తక్కువ? ఆ ఆశే అతన్ని అక్కడికి తీసుకెళ్లింది.

మరొకామె ఉంది. మిరపకోతలకి వెళ్లే మనిషి. మాత్రలు చేతిలో పెడితే, “ఇవి మింగితే మాత్రం ఉంటామా ఏంటి?” అంటుంది. స్టావుడిన్ వాడిన రోజుల్లో బుగ్గలు పీక్కుపోయి, ఊళ్లో ఆరా తీస్తుంటే నన్ను నానా మాటలూ అంది. మందు మార్చాక కూడా సణుగుడు ఆపలేదు. కానీ మాత్రల్ని పౌడరు డబ్బాలో పోసి బియ్యం డ్రమ్ములో దాచి, రాత్రి టీవీ సీరియల్ పాట మొదలవగానే లేచి వేసుకుంటుంది. ఇంట్లో గ్యాస్ మాత్రలని చెప్పింది. ఒక్క పూట తప్పలేదు. వైరస్ ఇప్పుడు పరీక్షకి అందనంత తక్కువ. నమ్మకం లేకుండానే నమ్మినట్టు బతికే ఆ మనిషిని ఏమనాలో నాకింకా తెలియదు. “పాజిటివ్‌గా ఆలోచించండి” అని ఓసారి మా కుర్ర డాక్టరు అంటే, “పాజిటివ్ అయితేనే కదా ఇక్కడికొచ్చింది నాయనా” అంది.

చీటీ అమ్మాయి దగ్గరికి వస్తాను. ఆరోజు నేను చెప్పగలిగింది ఒక్కటే: “వేయమ్మా. మాత్రలు మాత్రం తప్పకు.” ఆఖరి చీటీయే తీసుకుంది, అన్నమాట ప్రకారం. ఆ డబ్బుతో కుట్టుమిషను కొంది. రెండో చీటీ వేసినప్పుడు నన్ను అడగలేదు. ఓసారి నెలమందులకి వచ్చి, వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి, “మూడో నెలే పాడేశాను సార్” అంది.

బయట క్యూ పెద్దదిగా ఉంది. అయినా ఓ నిమిషం అలాగే కూర్చుండిపోయాను. మూడో నెల పాడుకుందంటే ఇంకా 17 నెలల వాయిదాలు కట్టాలి. కడతానని 19 మందికి మాటిచ్చి వచ్చింది. అప్పటికి కౌంటు 310. రిజిస్టరులో రాసుకున్నది అదే. రాసుకోవడానికి గడి లేని సంగతి రెండోది.

కూతురి పెళ్లికి పిలిచింది. వెళ్లలేదు. నేను ఏ డాక్టర్నో ఊరందరికీ తెలుసు. ఆమె కూడా పిలిచినంత పిలిచి, “రాకపోయినా పర్లేదు సార్” అంది. కొంగుచాటున అరిసెలు తెచ్చిచ్చింది.

ఇప్పుడామెకి 48. పోయిన నెల వచ్చినప్పుడు రక్తపరీక్షలో షుగరు కనబడింది. చెప్పాను. ఇరవై ఏళ్ల కిందట హెచ్‌ఐవీ అని చెప్పినప్పుడు కళ్లు చెమర్చని మనిషి, కుర్చీలో కూలబడి భోరుమంది.

“ఎల్లుండి మనవరాలి బారసాల సార్. సున్నుండలు చుట్టింది నేనే.”

“ఒకటి తినొచ్చులేమ్మా” అన్నాను.

“రెండు?” అంది, కళ్లు తుడుచుకుంటూ.