చెనక్కాయ నేర్పిన పాఠం

యాభై రెండేళ్ల వయసులో నేను మళ్లీ విద్యార్థిని కావాలనుకున్నాను. విద్యాశాస్త్రంలో పిహెచ్.డి. చేయాలని నిశ్చయించుకొని 2023లో ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పంపాను. "ఇంగ ఎనిమిదేండ్లకు రిటైరు అవుతావు. ఇప్పుడెందుకురా ఈ చదువు?" అని మా అమ్మ అడిగింది. ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాను.

పిహెచ్.డి.లో చేరడం బడిలో చేరినంత సులభం కాదు. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం, ఎం.ఎడ్. వంటి పై చదువులో సాధారణంగా 55 శాతం మార్కులు ఉండాలి. కొన్ని వర్గాలవారికి 5 శాతం సడలింపు ఉంది. ప్రవేశ పరీక్ష, ఆ తరువాత నిపుణుల ఎదుట మౌఖిక పరీక్ష ఉంటాయి. ఉద్యోగం చేస్తూ చదవదలచినవారు తమ శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ప్రవేశం దొరికితే పరిశోధన పూర్తి చేయడానికి కనీసం మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు గడువు. తెలుగు ఎం.ఏ. తరువాత నేను ఎం.ఎడ్. కూడా చేశాను గనుక అర్హతకు లోటు లేదు. ప్రవేశ పరీక్షలోనూ నెగ్గాను.

ఇక మిగిలింది పరిశోధన ప్రణాళిక. ఏ విషయాన్ని, ఎందుకు, ఏ పద్ధతిలో పరిశోధిస్తామో అందులో రాయాలి. నేను 'అల్పసంఖ్యాక భాషలవారి విద్య - సమస్యలు, పరిష్కారాలు' అని పెద్ద శీర్షిక పెట్టాను. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని చెప్పే రాజ్యాంగంలోని 350ఎ అధికరణాన్ని ప్రస్తావించాను. అది 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిందని రాశాను. 2020 నాటి జాతీయ విద్యా విధానాన్నీ వివరించాను. ఇరవై పుటలు నిండాయి. ఇంతకంటె ఎవరు మాత్రం ఏం రాయగలరని మురిసిపోయాను.

మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన ఆ పుటలన్నీ ఓపికగా తిరగేశారు. "ఇవన్నీ పుస్తకాలలో ఉన్నవే. మీకు తెలియనిది, మీరు తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి?" అని అడిగారు.

"మాతృభాషలో చదివితే పిల్లలకు మేలు జరుగుతుందని నిరూపిస్తానండీ" అన్నాను.

"అంటే జవాబు మీకు ముందే తెలుసు. తెలిసినదాన్ని మళ్లీ పరిశోధించడమెందుకు?"

నాకు నోట మాట రాలేదు. ఎంపికైనవారి జాబితాలో నా పేరు లేదు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో నాకు ఆయన మీద కోపంగానే ఉండింది. హోసూరు బస్టాండులో దిగేసరికి ఒకామె గంప ముందు పెట్టుకొని, "చెనక్కాయలు, ఉడకేసిన చెనక్కాయలు!" అని కేకవేస్తోంది. ఆ మాట చెవిన పడగానే చటుక్కున ఆగిపోయాను. ఇరవై నాలుగేళ్ల కిందటి ఒక ఉదయం కళ్లముందు నిలిచింది.

అది 1999వ సంవత్సరం. హోసూరు దగ్గర ఒక పల్లెలో తెలుగు మాధ్యమ పాఠశాలలో నేను ఉపాధ్యాయుణ్ణి. ఒకనాడు మూడో తరగతి పిల్లలకు బొమ్మల పటం చూపించి పేర్లు అడుగుతున్నాను. ఎప్పుడూ అందరికంటె ముందు చేయెత్తే ఒక అమ్మాయి లేచి, "చెనక్కాయ సార్!" అంది. "తప్పు. వేరుశనగ అనాలి" అన్నాను. పిల్లలందరూ నవ్వారు. ఆ అమ్మాయి తల వంచుకొని కూర్చుంది. వాళ్ల నాన్న పండించే పంట అదే. విత్తనం వేయడం మొదలు కాయలు ఒలవడం దాకా ఆ పంట సంగతి ఆమెకు నాకంటె బాగా తెలుసు. ఆ ఏడాది ఆమె మళ్లీ చేయెత్తలేదు. అయిదో తరగతి తరువాత బడి మానేసింది. అందుకు ఇంట్లో కారణాలు ఎన్నో ఉండవచ్చు. నేనన్న ఆ ఒక్క మాటకు కూడా అందులో పాలు ఉందా? అది నాకు తెలియదు.

తెలియదు! ఆ పెద్దాయన అడిగింది సరిగ్గా దీనినే కదా.

గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది. నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ ఆయన చుట్టుపక్కల సవరల భాష నేర్చుకొన్నారు. ఆ పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రాశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఆయన పని తన చెవిన పడిన మాటల దగ్గర మొదలైంది. నేనేమో నా తరగతి గదిని వదిలిపెట్టి ఎక్కడెక్కడో వెతికాను.

మరుసటి ఏడాది నా ప్రణాళిక ఆరు పుటలే. అందులో ప్రశ్న ఒక్కటే. పిల్లల ఇంటి మాటను తప్పనకుండా నల్లబల్ల మీద రాసి, దాని పక్కనే పుస్తకంలోని మాటను రాస్తే, వాళ్లు తరగతిలో ఎక్కువగా మాట్లాడతారా? ఒకే తీరుగా ఉన్న రెండు పాఠశాలల్లో మూడో తరగతిని తీసుకుంటాను. ఒకచోట ఈ పద్ధతి, మరొకచోట మామూలు పద్ధతి. ప్రతి బిడ్డ తనంతట తాను ఎన్నిసార్లు మాట్లాడిందో లెక్కిస్తాను. మొదటా చివరా చదివించి చూస్తాను. తల్లిదండ్రుల అనుమతి తీసుకుంటాను. పిల్లల పేర్లు ఎక్కడా రాయను.

2024లో మళ్లీ ఆ పెద్దాయన ఎదుటే కూర్చున్నాను. "రెండు బళ్లకూ తేడా ఏమీ కనబడకపోతే?" అన్నారు.

"కనబడలేదనే రాస్తానండీ."

ఆయన చిరునవ్వుతో కాగితం మీద ఏదో రాసుకున్నారు. కొన్నాళ్లకు ప్రవేశం దొరికిందని ఉత్తరం వచ్చింది.

ఆ సాయంత్రం అమ్మ దగ్గర కూర్చొని ఆ అమ్మాయి కథంతా చెప్పాను. అమ్మ చివరిదాకా విని, "చెనక్కాయను చెనక్కాయ అంటే తప్పేముందిరా?" అంది.

"తప్పేమీ లేదమ్మా. ఆ ముక్క తెలియడానికి నాకు ఇరవై అయిదేండ్లు పట్టింది. అందుకే ఈ చదువు" అన్నాను.

మీ ఇంట్లో పలికే మాట మీ పుస్తకంలో కనబడని రోజు ఒకటి మీకూ వస్తుంది. ఆ రోజు తల వంచుకోకండి. చేయెత్తి మీ మాట చెప్పండి. పుస్తకంలోని మాటనూ నేర్చుకోండి. మీ ఉపాధ్యాయులకు ఆ మాట కొత్తదైతే, వారు కూడా మీ దగ్గర ఒక మాట నేర్చుకుంటారు.