విమానం ముక్కు మీద తల్లి పేరు

రావులపాలెం వంతెన మీదుగా సాగే లారీల నుదుట కన్నవారి పేర్లు, బిడ్డల పేర్లు, 786 అంకె కనిపించడం మన గోదావరి సీమకు కొత్త కాదు. కాకినాడ రేవులో వేట పడవల అణియాలకూ రంగులూ పేర్లూ ఉంటాయి. ప్రాణాన్ని నమ్మి ఎక్కిన దానికి మనిషి ఆత్మీయుల పేరు పెట్టుకుంటాడు. యుద్ధ విమానాల ముక్కు మీద కూడా అలా బొమ్మలు వేసేవారని, వాటిని 'నోస్ ఆర్ట్' అంటారని చెప్పగా, మా మదర్సా పిల్లలు చూచి తీరాలన్నారు.

రాజమహేంద్రవరంలో రైలెక్కి విశాఖపట్నం చేరాము. సాగరతీరాన కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 విమాన ప్రదర్శనశాల ఉన్నది. సోవియట్ దేశంలో తయారై, 1988 నుండి 2017 వరకు మన నౌకాదళానికి సముద్రంపై కాపు కాసిన తరగతి విమానమది. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్కదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి పంఖాలు. రెక్క కింద ఒక పెండ్లి విందే జరుపవచ్చుననిపించింది. ఆ దళం పేరు ఆల్బట్రాస్, అంటే ఒక సముద్ర పక్షి. పిల్లలు ముక్కు దగ్గర చాలాసేపు వెదికారు.

"హజ్రత్, దీనికి బొమ్మ లేదేం?"

ప్రాణుల బొమ్మలను గూర్చి ధర్మపండితుల మాట వారికి తెలిసినదే కనుక చర్చ అటు పోలేదు. ఇసుకలో కూర్చుండి పాత సంగతులు చెప్పాము. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ వైమానికుడు బరాకా తన విమానంపై ముందుకాళ్ళెత్తిన గుర్రాన్ని వేయించాడు; ఫెరారీ కార్లపై ఉన్నది ఆ గుర్రమే. రెండవ యుద్ధంలో బర్మా, చైనా గగనతలంలో జపానుతో పోరిన అమెరికన్ స్వచ్ఛంద వైమానికుల విమానాలకు సొరచేప నోళ్ళు ఉండేవి. బాంబర్లపై వేసిన స్త్రీల బొమ్మలలో పెక్కు ఈ పత్రికలో వర్ణింపదగినవి కావు.

అయితే మమ్ము కలచివేసేది బొమ్మ కాదు, ఒక పేరు. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు వేసిన విమానం ముక్కుపై దాని పైలట్ టిబెట్స్ తన తల్లి పేరు వ్రాయించాడు: ఎనోలా గే.

"కింద ఉన్నవారికి ఆ పేరు కనిపించిందా?" అని ఒక చిన్నవాడు అడిగాడు. 31,000 అడుగుల ఎత్తున ఎగిరిన విమానం మీది అక్షరాలు ఎవరికి కనిపిస్తాయి!

అంతలో కాకినాడ కుర్రవాడొకడు, "1942లో మా ఊరి మీద బాంబులు వేసిందీ జపానువారేగా, హజ్రత్?" అన్నాడు. నిజమే. ఆ ఏడు ఏప్రిల్ 6న కాకినాడపైనా, విశాఖపైనా వారి విమానాలు బాంబులు కురిపించాయి. కాని హిరోషిమాలో కాలిపోయిన బడిపిల్లలు ఆ విమానాలు నడిపారా? ఒకరి పాపభారం మరొకరిపై పడదన్న ఖుర్ఆన్ బోధను, స్త్రీలను, పిల్లలను చంపరాదని ప్రవక్త (స) సైన్యాలను వారించిన సంగతిని వాడి చేతనే చెప్పించాము. వాడు చెప్పాడు గాని, ముఖం ఇంకా బిగుసుకొనే ఉన్నది. తాతలనాటి బాధ ఒక్క పాఠంతో పోదు.

1995లో వాషింగ్టన్ ప్రదర్శనశాలలో ఎనోలా గే ముందు భాగాన్ని ఉంచినప్పుడు, హిరోషిమా మృతుల వస్తువులనూ పక్కన చూపాలని మొదట తలచారు. మాజీ సైనికుల సంఘాలు అభ్యంతరం చెప్పగా ఆ తలంపు మానుకున్నారు. ఇప్పుడు ఆ విమానం వర్జీనియాలో ఉన్నది. పైలట్ కూర్చునే చోటు దిగువన నల్లని అక్షరాలలో ఆ తల్లి పేరు నేటికీ చదవవచ్చు.