అటక మీద ఆవకాయ జాడీ

థర్డ్ ఇయర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ మినీ ప్రాజెక్టుకి మేం ముగ్గురం కలిసి ఒక రిపోర్టు రాశాం. 42 పేజీలు. స్పైరల్ బైండింగ్, పైన ట్రాన్స్‌పరెంట్ షీటు. మార్కులు కూడా బాగానే పడ్డాయి. ఆ రిపోర్టు చదివి ఒక జూనియర్ ప్రాజెక్టే మార్చేసుకుందామనుకున్నాడని నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది.

మా టాపిక్ లినక్స్ కెర్నెల్‌లోని డామన్. డేటా యాక్సెస్ మానిటర్ అన్నమాట. 2021లో 5.15 వెర్షన్‌తో కెర్నెల్‌లోకి వచ్చింది. మెమరీలో ఏ భాగాన్ని ప్రోగ్రాములు తరచూ ముట్టుకుంటున్నాయి, ఏది ఊరికే పడి ఉంది అని కనిపెట్టడం దాని పని. నా లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే. బ్రౌజర్ తెరిస్తే ఫ్యాన్ ఏడుస్తుంది. ఆ మెమరీ అంతా ఎవరు తింటున్నారో చూద్దామనే కోపంతో ఈ టాపిక్ పట్టుకున్నాం.

జూనియర్ ఒకరోజు రాత్రి మెస్ అయ్యాక మా రూమ్‌కి వచ్చాడు. చేతిలో మా రిపోర్టు. "అన్నా, నాకు కెర్నెల్ పడదేమో. వెబ్‌సైట్ ఏదైనా చేసుకుంటా" అన్నాడు.

"ఎక్కడ ఆగిపోయావ్?" అనడిగాను.

ఆరో పేజీ తీశాడు. "రీజియన్ల కనిష్ఠ సంఖ్య 10, గరిష్ఠ సంఖ్య 1000 ఇవ్వండి" అని ఉంది. "రీజియన్ అంటే ఏంటన్నా?"

నేను అక్కడికక్కడే చెప్పేశాను. 4 జీబీ అంటే 4 కేబీ పేజీలు పది లక్షల పైచిలుకు. ఒక్కోదాన్నీ ప్రతిసారీ తనిఖీ చేస్తే అసలు పని చేయడానికి సీపీయూకి తీరిక ఉండదు. అందుకని డామన్ మెమరీని ముక్కలుగా విడగొడుతుంది. ఒక్కో ముక్క ఒక రీజియన్. ప్రతి రీజియన్‌లోంచీ ఏదో ఒక పేజీని తీసుకుని, దాని యాక్సెస్ బిట్‌ని చెరిపేసి, 5 మిల్లీసెకన్లు ఆగి, మళ్ళీ చూస్తుంది. బిట్ వెలిగితే ఎవరో ముట్టుకున్నట్టు. ఇలా 100 మిల్లీసెకన్లలో ఇరవై సార్లు చూసి ఎన్నిసార్లు వెలిగిందో లెక్క రాస్తుంది. ఇరవైకి ఇరవై వస్తే ఆ రీజియన్ వేడిగా ఉన్నట్టు, సున్నా వస్తే చల్లగా ఉన్నట్టు.

వాడు కళ్ళు పెద్దవి చేసి, "ఇంతేనా? ఇది ఇందులో ఎక్కడుందన్నా?" అన్నాడు.

వెతికాను. 31వ పేజీలో ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఫస్ట్ ఇయర్ అంతా పుస్తకం అర్థం కాకపోతే నా బుర్రే తక్కువనుకున్నాను. తప్పు పుస్తకం సర్దుబాటులో ఉండొచ్చని ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడు అదే పని నేను ఇంకొకడికి చేశాను, అదీ బైండింగ్ చేయించి మరీ.

మా తప్పేంటంటే, మేం చేసిన వరసలోనే రాశాం. ముందు కెర్నెల్ కంపైల్ చేశాం కాబట్టి ముందు అదే. తర్వాత ఏ ఫైల్లో ఏ అంకె రాయాలో. చివర్లో వైవా ముందు అర్థం చేసుకున్నాం కాబట్టి వివరణ చివర్లో. పైగా రీజియన్ గురించి మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది, ముగ్గురం రాశాం కదా.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు కూడా ఇదే ఆలోచన. అమ్మ వంట చేస్తుంటే వంటింటి గడప మీద కూర్చుని చూస్తున్నాను. పోపుల డబ్బా పొయ్యి పక్కనే. పప్పులు, పిండ్లు షెల్ఫులో. పెద్ద ఆవకాయ జాడీ అటక మీద. నెలకోసారి దించి, చిన్న జాడీలోకి తీసుకుని, మళ్ళీ పైన పెట్టేస్తుంది. ఇలా ఎలా సర్దావమ్మా అనడిగితే నవ్వింది. "సర్దడం ఏముందిరా! రోజూ చెయ్యి పోయే చోట రోజూ కావలసింది ఉంటుంది."

డామన్ చేసే పని కూడా అదే కదా అనిపించింది. మా రిపోర్టులో మాత్రం ఆవకాయ జాడీ పొయ్యి పక్కన ఉంది, పోపుల డబ్బా అటకెక్కింది.

తిరిగొచ్చాక కెర్నెల్ వాళ్ళ డాక్యుమెంటేషన్ మళ్ళీ తీశాను. డామన్ గురించి రెండు చోట్ల ఉంటుంది. వాడుకునేవాళ్ళకి అడ్మిన్ గైడ్‌లో, లోపలి పనితనం తెలుసుకోవాలనుకునేవాళ్ళకి మెమరీ మేనేజ్‌మెంట్ విభాగంలో. వాడకం పేజీలో ఏ ఫైల్ ఎందుకో చెప్పి, దాని వెనకున్న భావం కోసం డిజైన్ పేజీకి లింకు ఇస్తారు. మొదట్లో ఇది చిరాకుగా ఉండేది, ఇక్కడే చెప్పేయొచ్చుగా అని. ఇప్పుడు కారణం తెలిసింది. డామన్‌కి మొదట డీబగ్‌ఎఫ్‌ఎస్ ద్వారా ఆదేశాలిచ్చేవారు. 5.18లో సిస్‌ఎఫ్‌ఎస్ దారి వచ్చింది. పాతదాన్ని తర్వాత తీసేశారు. లోపలికి వెళ్ళే తలుపు మారింది గానీ రీజియన్ అనే భావం మారలేదు. రెండూ కలిపి రాసి ఉంటే తలుపు మారిన ప్రతిసారీ ఇల్లంతా తవ్వాలి.

ఉత్సాహంగా మా రిపోర్టు మీద పడ్డాను. కట్, పేస్ట్, మధ్యమధ్యలో వాక్యాలు దిద్దడం, అన్నీ ఒకేసారి. రెండు రాత్రుల్లో అయిపోయింది. జూనియర్‌కి ఇచ్చాను. మర్నాడు సాయంత్రం నీరసంగా వచ్చాడు. డామన్ నడుస్తుండగా ఇంటర్వెల్ మార్చాడట, ఎన్ని అంకెలు ఇచ్చినా తేడా రాలేదట. ల్యాబ్ మూసేదాకా అదే పని.

నాకు వెంటనే వెలిగింది. నడుస్తుండగా విలువలు మారిస్తే స్టేట్ ఫైల్లో కమిట్ అని రాయాలి, లేకపోతే కొత్త విలువలు తీసుకోదు. పాత రిపోర్టులో ఆ వాక్యం ఉంది. నేను సర్దేటప్పుడు పోయింది. ఎక్కడ పోయిందో చూద్దామంటే గిట్‌లో అంతా ఎర్రా పచ్చా కలగాపులగం. జరిపినదేదో మార్చినదేదో తెలియడం లేదు.

కెర్నెల్‌కి ప్యాచ్‌లు పంపేవాళ్ళకి ఒక నియమం ఉంది. ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి కోడ్ జరిపేటప్పుడు, అదే ప్యాచ్‌లో దాన్ని మార్చకూడదు. ముందు ఉన్నదున్నట్టు జరపాలి. మార్పులు ఇంకో ప్యాచ్‌లో. చదివినప్పుడు చాదస్తం అనుకున్నాను. ఒక జూనియర్ సాయంత్రం ఖర్చయ్యాక అర్థమైంది.

రెండు రాత్రుల పనీ వెనక్కి తీసేసి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి వాడినీ కూర్చోబెట్టుకున్నాను. వాడు చదువుతూ వేలు ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టాం. ముందు పేరాలు జరపడం మాత్రమే. తర్వాత మూడు వివరణల్లో ఒకటి ఉంచి రెండు తీసేయడం. ఆ తర్వాతే భాష దిద్దడం. మొదటి ఐదు పేజీల్లో డామన్ ఏంటి, రీజియన్ ఏంటి, ఒక్కసారి నడిపి చూడటం ఎలా. కమిట్ సంగతి ఇంటర్వెల్స్ పక్కనే. డీబగ్‌ఎఫ్‌ఎస్ చివరి అనుబంధంలోకి, అంటే అటక మీదకి.

మధ్యలో వాడు ఒక ప్రశ్న అడిగాడు. "రీజియన్‌కి ఒక్క పేజీనే చూస్తున్నాం కదన్నా. పక్క పేజీ వేరేగా ఉంటే?"

కెర్నెల్ పడదన్నవాడు డామన్ గుండెకాయ మీద వేలు పెట్టాడు! అందుకే డామన్ రీజియన్లని ఎప్పటికప్పుడు చీలుస్తూ, లెక్కలు దగ్గరగా ఉన్న పక్కపక్క రీజియన్లని కలుపుతూ ఉంటుంది. అయినా అది అంచనాయే. కచ్చితత్వం కొంత వదులుకుని భారం తగ్గించుకుంటుంది. ఆ ప్రశ్నని అలాగే రిపోర్టులో పెట్టాం, జవాబుతో సహా.

కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలకి ఫోల్డర్లు ఉన్నాయి. తెలుగుకి లేదు. మా రిపోర్టు మొదటి పేజీ మాత్రం ఇప్పుడు తెలుగులో ఉంది. జూనియరే రాశాడు. రీజియన్‌ని 'ప్రాంతం' అని రాసి, వాడే కొట్టేసి, మళ్ళీ 'రీజియన్' అనే రాశాడు.

మీ అల్మారాలో కూడా ఒక స్పైరల్ బైండింగ్ ఉండే ఉంటుంది. ఒకసారి ఏ జూనియర్‌కైనా ఇచ్చి పక్కన కూర్చోండి. మీరేం చెప్పకండి. వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి.